ఇది ఇల్లా... సినిమా సెట్టా?

‘మాయాబజార్’ చూడని తెలుగువాళ్ళు వుంటారంటే నేను నమ్మను. 1957లో వచ్చిన సినిమా. 2010లో రంగులు పూసుకుని మళ్ళీ థియేటర్లకొస్తే తాతలూ మనవలూ పక్కపక్కనే కూర్చుని చూశారు. అందులో పెళ్ళివారికి ఏర్పాటు చేసిన విడిది గుర్తుందా? చినమయ, ఆయన శిష్యులూ కలిసి వేయించిన ఆ సామాను గుర్తుందా? పైకి చూస్తే ఎంత దర్జా! కానీ అది తల్పం కాదు, గిల్పం. అది కంబళి కాదు, గింబళి. శర్మగారూ శాస్త్రిగారూ ముచ్చటపడి వాటి జోలికి వెళ్ళారు. ఆ తర్వాత అవి వాళ్ళతో ఎలా ఆడుకున్నాయో నేను మళ్ళీ చెప్పడం దేనికి?

పింగళి నాగేంద్రరావుగారు ఆ మాటలు మనల్ని నవ్వించడానికే పుట్టించి వుండొచ్చు. కానీ ఈమధ్య హైదరాబాదులో ఎవరి గృహప్రవేశానికి వెళ్ళినా, ఆ కొత్త ఫ్లాటులో సామాను చూస్తే నాకు అవే గుర్తొస్తున్నాయి. చూడ్డానికి సోఫాయే. కూర్చున్నాక తెలుస్తుంది, అది గీఫా అని!

సినిమా పత్రికలో సోఫాల గొడవేమిటండీ అని మీరు అడగొచ్చు. అడగండి, తప్పులేదు. అసలు డ్రాయింగ్ రూమంటే ఎలా వుండాలో మనకి నేర్పింది ఎవరు? సినిమా కాదూ?

మా చిన్నప్పుడు ఊళ్ళో ఇళ్ళల్లో వున్న సామానెంత? రెండు నులక మంచాలు, ఒక నవారు మంచం, చుట్టమొస్తే వెయ్యడానికి మడత మంచం, తాతగారికి పడక్కుర్చీ, గోడ పక్కన భోషాణం, వంటింట్లో నాలుగు పీటలు. అంతే! సోఫా అనేదాన్ని మేము మొదటిసారి చూసింది టూరింగ్ టాకీసులో. హీరోయిన్ నాన్నగారు సిల్కు గౌను తొడుక్కుని, నోట్లో పైపు పెట్టుకుని, వంపు తిరిగిన మెట్ల మీదనుంచి దిగొచ్చి అందులో కూర్చునేవారు. కింద తివాచీ, పక్కన టెలిఫోను, వెనకాల గాజుతొట్టిలో రంగు చేపలు. పేద హీరో మాత్రం నిలబడే మాట్లాడేవాడు. సోఫాలో కూర్చునే అర్హత ఎవరికుందో, ఎవరికి లేదో ఆ తెరమీదే మాకు తెలిసింది.

తర్వాత్తర్వాత ఉద్యోగాలొచ్చి ఇళ్ళు కట్టుకున్న ప్రతివాడూ ముందు బీరువా కొన్నాడు, ఆ వెంటనే సోఫా సెట్టు కొన్నాడు. దానికెదురుగా అద్దాల షోకేసు, షోకేసులో కొండపల్లి బొమ్మలు, గోడకి నిర్మల్ బొమ్మ. సోఫా మాసిపోతుందని తెల్లటి లేసుగుడ్డలు కప్పి, పిల్లల్ని నేలమీదే కూర్చోబెట్టేవాళ్ళు. మీకు గుర్తుండదులెండి, మీ నాన్నగారిని అడగండి. బహుశా ఆ నేలమీద కూర్చున్న పిల్లవాడు ఆయనే అయ్యుంటాడు.

మూడు గోడల మర్మం

షూటింగు చూసినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. సెట్టుకి చాలాసార్లు మూడే గోడలు. నాలుగో గోడ వుండాల్సిన చోట కెమెరా, ట్రాలీ పట్టాలు, బోలెడుమంది జనం. పైకప్పు సాధారణంగా వుండదు, లైట్లు పైనుంచి పడాలిగా! సోఫాని గోడకి ఆనించరు. నటులు దాని వెనకనుంచి నడవాలి, కెమెరా దాని చుట్టూ తిరగాలి. తళతళ మెరిసేదేదైనా వుంటే లైటు దానిమీద పడి కెమెరామెన్ ప్రాణం తీస్తుంది. అందుకని మెరుపు చచ్చే మందు కొడతారు. సామాను చాలామటుకు అద్దెదే. నిన్న జమీందారుగారి హాల్లో వున్న సోఫా ఇవాళ విలన్ డెన్‌లో తేలుతుంది. దానికీ మనలాగే పొట్టకూటికోసం రకరకాల వేషాలు!

అలాగని సెట్టంటే ఉత్త అబద్ధమని తీసిపారెయ్యకండి. ‘మాయాబజార్’కి ఆ వైభవం అమర్చిన గోఖలే, కళాధర్‌గార్ల దగ్గరనుంచీ ఈనాటివాళ్ళ దాకా మంచి కళా దర్శకులందరి కష్టమూ ఎక్కడుంటుందంటే, నిన్న కొట్టిన మేకునీ నిన్న పూసిన రంగునీ ఏళ్ళతరబడి వున్నట్టుగా నమ్మించడంలో వుంటుంది. 1987లో వచ్చిన మణిరత్నంగారి ‘నాయకుడు’ కోసం తోట తరణిగారు బొంబాయిలోని ధారావిని మద్రాసులో కట్టి చూపించారు. ఆ పనికి జాతీయ బహుమతి కూడా అందుకున్నారు. ఆ వీధుల్లో మనుషులు పుట్టి పెరిగారంటే మనం నమ్మేశాం కదా! ఏ సెట్టులోనైనా చూడండి. గోడకి చెమ్మ మరక, స్విచ్చి చుట్టూ వేలి జిడ్డు, గడపకి పాతబడ్డ పసుపు, మేకుకి వేలాడే కిందటేడాది క్యాలెండరు... ఇక్కడెవరో కాపరముంటున్నారు అని చెప్పేవి ఇవే. వీటిని సంపాదించడానికీ, సృష్టించడానికీ ఒక పెద్ద బృందం రాత్రింబవళ్ళు పనిచేస్తుంది.

ఇక మన సంగతి? ఇరవై ఏళ్ళ అప్పు చేసి నాలుగు గోడలూ పైకప్పూ వున్న నిజమైన ఇల్లు కొనుక్కుంటాం. తాళంచెవి చేతికొచ్చిన మర్నాటినుంచీ అక్కడ మనుషులున్న ఆనవాలు కనపడకుండా చెయ్యడానికి ఇంకో అప్పు! సెట్టుని ఇల్లులా చూపించడానికి కళా దర్శకుడు నానా తంటాలూ పడుతుంటే, ఇంటిని సెట్టులా చూపించడానికి మనం పడుతున్నాం.

కొట్టు కాదు, జాతర!

2018 ఆగస్టు 9న హైదరాబాదు హైటెక్ సిటీలో స్వీడన్‌వాళ్ళ ఐకియా కొట్టు తెరిచారు. మన దేశంలో వాళ్ళకదే మొదటిది. సుమారు నాలుగు లక్షల చదరపుటడుగులు. అందులో వెయ్యిమంది కూర్చుని తినే హోటలు, ఆ హోటల్లో సమోసాలూ బిర్యానీ కూడా! మొదటిరోజు జనాన్ని చూస్తే పెద్ద హీరో సినిమా మొదటి ఆట దిగదుడుపే. ట్రాఫిక్ ఆగిపోయింది. కుర్చీలు కొనడానికి తొక్కిసలాట ఏమిటా అని జనం ముక్కుమీద వేలేసుకున్నారు. నేను హడావుడి తగ్గాక తీరిగ్గా వెళ్ళాను.

లోపల అడుగుపెట్టగానే వరసగా గదులు. పడగ్గది, వంటిల్లు, పిల్లల గది, చదువుకునే గది. దీపం వెలుగుతోంది, పుస్తకం సగం తెరిచి వుంది, మంచం మీద దుప్పటి కాస్త నలిగి వుంది. ఎవరో ఇప్పుడే లేచి కాఫీ కలుపుకోవడానికి వెళ్ళారేమో అనిపిస్తుంది. నేను తలెత్తి చూశాను. పైన కప్పు లేదు. లైట్లు! గోడలు లెక్కపెట్టాను. మూడు! “ఓరి వీళ్ళ తస్సదియ్యా, ఇది సెట్టేరా!” అని పైకే అనేశాను. పక్కనున్న కుర్ర జంట నావంక అదోలా చూసి, మళ్ళీ ఫోటోలు తీసుకోవడంలో మునిగిపోయారు. వాళ్ళు చేస్తున్నదీ నటనేగా మరి. తమది కాని హాల్లో, తమది కాని సోఫా మీద, కాపరం చేస్తున్నట్టు.

వెక్కిరిస్తున్నాననుకోకండి. ఆ కొట్టు వెనకున్న ఆలోచన నాకు నచ్చింది. 1956లో వాళ్ళ దగ్గర పనిచేసే గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే ఆయన ఒక బల్లని కారులో పెట్టబోతే పట్టలేదట. దాంతో కాళ్ళు ఊడదీసి లోపలికి తోశాడు. అక్కణ్ణుంచే ఐకియావాళ్ళకి దారి దొరికింది. సామానుని ముక్కలుగా, బల్లపరుపు పెట్టెలో పెట్టి అమ్ముతారు. బిగించుకోవడం మన పని. గోడౌన్లో చోటు ఆదా, లారీలో చోటు ఆదా, ఆ మేరకి ధర తక్కువ. కుర్రవాడు మొదటి జీతంతో బల్లా కుర్చీ కొనుక్కోగలుగుతున్నాడంటే తక్కువ విషయమా?

అయితే ఇది వాళ్ళు మొదటిసారి కనిపెట్టిన వింత కాదు. ఆస్ట్రియాలో థోనెట్ అనే కంపెనీ 1859లోనే ఒక కుర్చీ చేసింది. కొయ్యని ఆవిరిలో ఉడకబెట్టి వంచి చేసే కుర్చీ. పేరు కూడా లేదు, 14వ నంబరు. మొత్తం ఆరు చెక్కముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. విడదీసిన 36 కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో పట్టేవి. ఓడల్లో దేశదేశాలకీ వెళ్ళాయి. ఎక్కడో యూరపు సంగతి మనకెందుకు అంటారేమో, హైదరాబాదు పాత ఇరానీ హోటళ్ళలో పాలరాతి బల్ల ముందు, వంపు తిరిగిన వీపుతో, తేలిగ్గా, ఒంటిచేత్తో ఎత్తగలిగే నల్లటి కుర్చీ వుంటుంది చూశారా? అది ఆ కుటుంబానికి చెందిందే. ఉస్మానియా బిస్కత్తు చాయ్‌లో ముంచుకుంటూ మనం ‘మోడ్రన్ ఫర్నిచర్’ మీదే కూర్చున్నాం, మనకి తెలీదు అంతే.

ఇంకోమాట. మడత మంచాన్ని మించిన మోడ్రన్ ఫర్నిచరు చూపించండి నాకు! పగలు గోడకి జేరబడి వుంటుంది, రాత్రి చుట్టాన్ని మోస్తుంది, ఒక మనిషి మోసుకుపోవచ్చు. ఇదే సంగతిని ఇంగ్లీషు పుస్తకంలో రాసి, పక్కన ఒక దొర ఫోటో వేస్తే ఎగబడి కొనేవాళ్ళం.

అక్కయ్య ఎక్కడ కూర్చోవాలి?

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మా మేనల్లుడూ వాడి భార్యా ఇద్దరూ సాఫ్ట్‌వేరే. మియాపూరు వైపు ఏడో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాటు కొన్నారు. ఇంటీరియర్స్ చేసే ఒక కంపెనీవాళ్ళు (పేరెందుకులెండి) కంప్యూటర్లో ఇంటి బొమ్మ వేసి చూపించారు. బొమ్మలో వున్నట్టే చేసిచ్చారు కూడా. తొమ్మిది లక్షలయింది. ఇంటి అప్పు కాకుండా దీనికి ఐదేళ్ళ వాయిదాల అప్పు వేరే. గోడలు బూడిదరంగు, సోఫా బూడిదరంగు, పరదాలు ఇంకాస్త ముదురు బూడిదరంగు. పాత్రలు తోమడానికి తెచ్చుకున్నదంతా గోడలకే పూసేశారేమిట్రా అన్నాను. మా వాడు నవ్వలేదు.

నేను వెళ్ళేసరికి అక్కయ్య తెనాలి నుంచి వచ్చి వారమైంది. మోకాళ్ళ నొప్పులు ఆవిడకి. ఆ సోఫా నేలకి 14 అంగుళాల ఎత్తులో వుంది. మెత్తగా, లోతుగా, నీళ్ళలోకి దిగినట్టు దిగిపోతాం.

“కూర్చోవే అక్కయ్యా” అన్నాను.

“వద్దురా తమ్ముడూ. కూర్చోడం తేలికే. లేవాలంటే ఇద్దరు కావాలి. పిల్లలు పాపం ఆఫీసు పనిలో వుంటారు, మాటిమాటికీ పిలవడం ఏం బావుంటుంది?” అంది.

వారంరోజులనుంచీ ఆవిడ మకాం బాల్కనీలో, బట్టలారేసే స్టాండు పక్కన, నీలంరంగు ప్లాస్టిక్ కుర్చీలో. ఆ కుర్చీ కూడా వాచ్‌మన్ని అడిగి తెచ్చుకుందట! తొమ్మిది లక్షలు పోసిన ఇంట్లో మా అక్కయ్య కూర్చోగలిగిన కుర్చీ వాచ్‌మన్‌ది!

ఆ సాయంత్రం ఆఫీసు స్నేహితులు వస్తున్నారు. మా వాడు ఇల్లంతా ఒకసారి కలియజూసి, ఆ నీలం కుర్చీని తీసుకెళ్ళి వాషింగ్ మెషీన్ వెనక పెట్టాడు. “ఫోటోల్లో పడుతుంది మావయ్యా” అన్నాడు నావంక చూసి. అక్కయ్య ఏమీ అనలేదు. లోపలికెళ్ళి మంచం అంచున కూర్చుంది. వచ్చినవాళ్ళు నాలుగు గంటలసేపు వున్నారు.

నాకు చప్పున జాక్ టాటీ సినిమా గుర్తొచ్చింది. 1958లో వచ్చిన ఫ్రెంచి సినిమా, పేరు ‘మోనాంకుల్’. అంటే ‘మా మావయ్య’ అనే అర్థం. ఆస్కారు కూడా వచ్చింది. అందులో ఒక మోడ్రన్ ఇల్లుంటుంది. అన్నీ గీతగీసినట్టు. ముందు తోటలో నిటారుగా ఒక లోహపు చేప, దాని నోట్లోంచి నీళ్ళు చిమ్ముతాయి. ఎప్పుడూ కాదు, గొప్ప అతిథులెవరైనా గంట కొట్టినప్పుడే! ఇల్లాలు పరుగెత్తి స్విచ్చి వేస్తుంది. వచ్చింది తన తమ్ముడే అని తెలిస్తే టక్కున ఆపేస్తుంది. సొంతవాళ్ళకి నీళ్ళు దండగ అన్నమాట! ఆ తమ్ముడు, అంటే మన హీరో, ఆ ఇంట్లోని చిక్కుడుగింజ ఆకారం సోఫా మీద ఒళ్ళు వాల్చలేక, చివరికి దాన్ని పక్కకి పడదోసి హాయిగా నిద్రపోతాడు. థియేటర్లు పగలబడి నవ్విన ఆ సోఫాని చాలా ఏళ్ళ తర్వాత ఫ్రాన్సులో ఒక కంపెనీ నిజంగానే తయారుచేసి అమ్మకానికి పెట్టింది. ఇంతకంటే ఏం చెప్పను?

తప్పంతా ఈకాలం పిల్లలదే అని రాసేసి చేతులు దులుపుకోవచ్చు. నా వయసువాళ్ళు మెచ్చుకుంటారు కూడా. కానీ ఆ రాత్రి మా కోడలుపిల్ల నాతో అన్న మాటలు విన్నాక అలా రాయలేను. వంటింటికీ హాలుకీ మధ్య గోడ లేకుండా చేశారేమిటమ్మాయ్, పోపు ఘాటు ఇల్లంతా కొడుతుందిగా అన్నాను.

“కొడితే కొట్టనివ్వండి బాబాయిగారూ. మా అమ్మ ముప్ఫయ్యేళ్ళు చీకటి వంటింట్లో ఒక్కతే వుంది. హాల్లో మేమంతా టీవీ చూస్తూ నవ్వుతుంటే, ఏమైందర్రా, ఏమైందర్రా అని లోపల్నుంచి అరిచేది. నేను అలా వుండను. అందుకే ఆ గోడ వద్దన్నాను” అంది.

ఏం జవాబు చెప్పను? మోడ్రన్ డిజైన్ అనేదానికి ఎప్పుడైనా విలువుంటే ఇదిగో ఇందుకుంది. ఒక మనిషిని దృష్టిలో పెట్టుకుని గోడ తీసేశారు. అది సెట్టు కాదు, ఇల్లే. సోఫా దగ్గరికొచ్చేసరికి మాత్రం మనిషిని మర్చిపోయి ఫోటోని గుర్తుపెట్టుకున్నారు.

పదిరోజుల తర్వాత ఆ పిల్లే ఫోను చేసింది. కింద ఇంకో ఫ్లాటులో పనిచేస్తున్న రాజస్థాన్ వడ్రంగిని పైకి పిలిచి, సోఫాకున్న పొట్టికాళ్ళు తీయించి, నాలుగంగుళాలు ఎక్కువున్న టేకు కాళ్ళు బిగించిందట. మెత్త కింద ఒక గట్టి పలక కూడా వేయించిందట. ఖర్చు రెండువేలు దాటలేదు. “ఇప్పుడు సోఫా కొంగలా వుంది మావయ్యా, లుక్కంతా పోయింది” అని వెనకనుంచి మా వాడి గోల. “అత్తయ్యగారు మధ్యాహ్నం సీరియల్ మొత్తం కూర్చుని చూశారు” అని ఈ అమ్మాయి. నీలం కుర్చీ వాచ్‌మన్‌కి వెళ్ళిపోయింది.

మనిషిని కొలిచి చేసిన కుర్చీ

‘ది అపార్ట్‌మెంట్’ అని 1960లో వచ్చి ఆస్కార్లు కొట్టిన సినిమా తీసిన బిల్లీ వైల్డర్ తెలుసుగా? ఆయనకి షూటింగు మధ్యలో కాస్సేపు కునుకు తియ్యడం అలవాటు. కానీ ఎక్కువసేపు పడుకుంటే పని పాడు. ఆయన స్నేహితుడు చార్లెస్ ఈమ్స్, ఆయన భార్య రే, పేరుమోసిన డిజైనర్లు. 1968లో వైల్డర్ కోసం ఒక పడక తయారుచేశారు. వెడల్పు అడుగున్నర! చేతులు గుండెమీద పెట్టుకుని పడుకోవాలి. నిద్ర గాఢంగా పడితే చేతులు జారి కిందపడతాయి, మెలకువొచ్చేస్తుంది. మనిషిని చూసి, వాడి పని చూసి, వాడి బలహీనత కూడా చూసి చేసిన వస్తువది. మన షాపులవాళ్ళు మనల్ని అడిగేది మాత్రం హాలు కొలత, గోడ రంగు!

చండీగఢ్ కుర్చీల కథ ఇంకా తమాషా. 1950ల్లో ఆ నగరం కడుతున్నప్పుడు పియర్ జెన్నెరె అనే ఆయన దగ్గరుండి ఆఫీసులకి టేకుతో, పేముతో వేలకొద్దీ కుర్చీలు చేయించాడు. కాళ్ళు తిరగేసిన వి ఆకారంలో వుంటాయి. గుమాస్తాలు వాటిమీదే కూర్చుని ఫైళ్ళు రాశారు. పేము తెగితే మూల పడేశారు, చవగ్గా వేలం వేశారు. అవే కుర్చీలు విదేశాలకెళ్ళి, పాలిష్ చేయించుకుని, లక్షల రూపాయలకి అమ్ముడయ్యాయి. అప్పుడు మనకి తెలివొచ్చింది. 2011లో కేంద్రం వాటి అమ్మకం ఆపమని ఉత్తర్వు ఇచ్చింది. ఇప్పుడు ఏ డిజైన్ స్టోరుకి వెళ్ళినా వాటి నకళ్ళే. నాకు మాత్రం ఆ కుర్చీ చూస్తే మన తాలూకాఫీసు వాసనే వస్తుంది. పేము అల్లిక గాలాడుతుంది, చెమట పట్టదు, తెగితే మళ్ళీ అల్లించుకోవచ్చు. మన ఎండలకి దాన్ని మించింది లేదు. పైన రెక్సిన్ వేసిన సోఫాలో మే నెలలో కూర్చుని లేచి చూడండి, చర్మం దానికే అప్పజెప్పి రావాలి!

జేబు సంగతి

కొనేవాళ్ళకి నాలుగు ముక్కలు చెబుతాను. షోరూములో దేన్నయినా చేత్తో నిమరడం కాదు, కూర్చోండి. పది నిమిషాలు కూర్చుని, చేతులు ఆనించకుండా లేవండి. లేవగలిగితే సగం పరీక్ష పాసు. మామూలుగా కుర్చీ ఎత్తు 17, 18 అంగుళాలుంటే మన పెద్దవాళ్ళకి సుఖం.

అలమరలు చేయిస్తుంటే పైన అంటించిన సన్‌మైకా రంగు చూసి మురిసిపోకండి, లోపలున్నది ఏమిటో అడగండి. పార్టికల్ బోర్డంటే కొయ్యపొట్టుని జిగురుతో కలిపి ఒత్తిన పలక. ధర తక్కువ. కానీ నీళ్ళు తగిలితే పూరీలా పొంగుతుంది, మళ్ళీ అణగదు. స్క్రూ ఒకసారి ఊడితే అదే కన్నంలో మళ్ళీ గట్టిగా పట్టదు. కాబట్టి ఇల్లు మారినప్పుడు విప్పి బిగించే సామానుకి అది ప్రాణగండమే. ప్లైవుడ్‌లో ఐఎస్ 303 అని ముద్ర వుంటే మామూలు వాడకానికి, గాలిలో తేమకి ఓర్చుకుంటుంది. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లై, నీళ్ళకీ ఓర్చుకుంటుంది. సింకు కింద అరకి ఆ రెండోది వేయించండి. మిగతాచోట్ల అంత ఖర్చు అక్కర్లేదు, షాపువాడు ఏం చెప్పినా సరే.

ఫాల్స్ సీలింగ్ అంటే నాకు ఒళ్ళుమంట. ఫ్లాటులో నేలనుంచి శ్లాబుకి వున్నదే దాదాపు పదడుగులు. అందులో అరడుగో అడుగో మింగేసి, ఫ్యాను కిందికి దింపి, సందుల్లో రంగుదీపాలు పెట్టి, ఆ సందుల్లో దుమ్ము పెంచుతారు. అదే డబ్బుతో ఒక మంచి అటక కట్టించుకుంటే సంక్రాంతికొచ్చే చుట్టాల పరుపులన్నీ పడతాయి. అటక లేని ఇంట్లో కాపరం చేసిన ఆడవాళ్ళని అడగండి, ఏడ్చినంత పని చేస్తారు.

అన్నట్టు, సోఫా కొనేముందు లిఫ్టు తలుపు కొలుచుకోండి. ఏడంతస్తులు మెట్ల మీదుగా మోసే కూలీలు ఎంత అడిగినా న్యాయమే.

ఇంకా పెళ్ళికాని, ఇల్లు కొనని, అమీర్‌పేట గదుల్లో ముగ్గురు నలుగురు కలిసి వుండే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరు ఇదంతా చదివి మాకెందుకులే అనుకోవద్దు. అసలు అదృష్టవంతులు మీరే. మీ గదిలో గోడకి బిగించినవేవీ పెట్టకండి, విప్పి మోసుకుపోగలిగినవే కొనండి. ఆదివారం ఎర్రగడ్డ సంతకి వెళ్ళండి, గురువారమైతే జుమ్మేరాత్ బజారుకి వెళ్ళండి. పాత టేకు కుర్చీ దొరికితే కాళ్ళు పట్టుకుని ఊపి చూడండి. కీలు వదులైతే పరవాలేదు, బిగించుకోవచ్చు. కానీ కింద సన్నటి పొడి రాలుతుంటే మాత్రం అది పురుగు, వదిలెయ్యండి. ఒక కుర్చీ, ఒక దీపం, ఒక పరుపు, పుస్తకాలకి రెండు పలకలు. చాలు, గది గదిలా వుంటుంది.

గోడల మాటంటారా, ఇంటి ఓనరు మేకు కొట్టనివ్వడు. మా రోజుల్లో ఇలాంటి పత్రికల నడిమిపేజీ బొమ్మలు జాగ్రత్తగా పిన్నులు తీసి, మైదాపిండి ఉడకేసి అంటించేవాళ్ళం. ఖాళీ చేసేటప్పుడు హీరోగారితోబాటు సున్నం కూడా ఊడొచ్చేది, ఓనరు అడ్వాన్సులో కోసుకునేవాడు. ఇప్పుడు పీకినా రంగు ఊడని అంటుపట్టీలు ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతున్నాయి, అవి వాడండి. అయితే ముగ్గురున్న గదిలో వున్న ఒక్క గోడకీ ఎవరి హీరో బొమ్మ అంటించాలన్నది మాత్రం నన్నడక్కండి బాబూ. ఆ గొడవలో నేను తలదూర్చను!